జంకే చోటు, జాగ్రత్తపడాల్సిన చోటు: విశ్వవిద్యాలయంలో కాపీరైట్

మా విశ్వవిద్యాలయంలో కాపీరైట్ అన్న మాట ఎక్కువగా జిరాక్స్ షాపు దగ్గరే వినబడుతుంది. ఒక పుస్తకంలోని రెండు అధ్యాయాలు విద్యార్థులకు తీసి ఇవ్వవచ్చా, ఎన్ని పేజీలు దాటితే తప్పవుతుంది, పది శాతం అనే లెక్క నిజమేనా అని కొత్తగా చేరిన అధ్యాపకులు అడుగుతుంటారు. అదే అధ్యాపకులు, తమ పరిశోధన వ్యాసాన్ని ఒక జర్నల్ అంగీకరించిందన్న సంతోషంలో, తెర మీద ప్రత్యక్షమయ్యే హక్కుల బదలాయింపు పత్రాన్ని చదవకుండానే టిక్కు పెట్టి పంపేస్తారు. చట్టం ధారాళంగా వెసులుబాటు ఇచ్చిన చోట మనం జంకుతున్నాం; మన సొత్తును మనమే రాసిచ్చేస్తున్న చోట మాత్రం నిశ్చింతగా ఉంటున్నాం. నేను న్యాయవాదిని కాను, పీజీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. అయినా మనం రోజూ వాడే చట్టంలో ఏముందో మనమే చదువుకోకపోతే ఎలా అన్న ఉద్దేశంతో, తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందు జిరాక్స్ సంగతి చూద్దాం. 2012లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు కలిసి ఢిల్లీ విశ్వవిద్యాలయం మీద, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో నడిచే రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అనే చిన్న దుకాణం మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. సిలబస్‌లో సూచించిన వేర్వేరు పుస్తకాల నుంచి అధ్యాయాలు తీసి, ఒక్కో కోర్సుకు ఒక్కో కట్టగా బైండింగ్ చేసి ఆ దుకాణం విద్యార్థులకు అమ్ముతోందన్నది వారి ఫిర్యాదు. పేజీకి 40 పైసలు తీసుకునేలా విశ్వవిద్యాలయంతో ఆ దుకాణానికి ఒప్పందం ఉంది. అర్థశాస్త్రం చదువుకున్నవారికి ఈ కేసులోని వైరుధ్యం చప్పున తెలుస్తుంది. ఒక విద్యార్థి ఒక సెమిస్టర్‌లో చదవవలసిన ముప్పై నలభై పుస్తకాలను, ఒక్కోదానిలో ఒక్క అధ్యాయం కోసం, వేల రూపాయలు పోసి కొంటాడన్న ఊహ మీద ప్రచురణకర్తల నష్టం లెక్క ఆధారపడి ఉంది. ఆ పుస్తకాల రచయితల్లోనే పలువురు ఈ దావాను వ్యతిరేకిస్తూ బహిరంగ లేఖపై సంతకాలు చేశారు. అమర్త్య సేన్ కూడా ప్రచురణకర్తలకు తన అభ్యంతరం తెలియజేశారు.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ దావాను కొట్టివేశారు. కాపీరైట్ అన్నది రచయితకు పుట్టుకతో సంక్రమించిన సహజ హక్కు కాదనీ, సమాజంలో విద్యాభివృద్ధి కోసం చట్టం కల్పించిన ఏర్పాటనీ ఆ తీర్పు సారం. ప్రచురణకర్తలు అప్పీలుకు వెళ్లగా, అదే ఏడాది డిసెంబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచ్ ఈ వాదనను మరింత పదును పెట్టింది. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52(1)(ఐ) ప్రకారం, బోధన క్రమంలో ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఏ రచననైనా పునరుత్పత్తి చేయడం ఉల్లంఘన కాదు. "బోధన క్రమం" అంటే గంట కొట్టిన దగ్గర్నుంచి గంట కొట్టేదాకా తరగతి గదిలో జరిగేది మాత్రమే కాదనీ, పాఠానికి ముందు తయారీ, పాఠం తర్వాత చదువు కూడా అందులోకే వస్తాయనీ కోర్టు చెప్పింది. ఎన్ని పేజీలన్న పరిమితి ఆ సెక్షన్‌లో లేదు కనుక కోర్టులు దాన్ని చొప్పించనక్కర్లేదనీ, బోధన అవసరానికి అది తగినంతేనా అన్నదే కొలమానమనీ తేల్చింది. ఆ కట్టల్లో చేర్చినవన్నీ బోధనకు అవసరమైనవేనా అన్న వాస్తవాంశాన్ని పరిశీలించేందుకు కేసును తిరిగి కింది న్యాయమూర్తికి పంపారు గానీ, 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావాను ఉపసంహరించుకున్నారు. వారి తరఫు హక్కుల సంస్థ ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, ఆ ఏడాది మే నెలలో కోర్టు జోక్యానికి నిరాకరించింది.

కాబట్టి ఆ పది శాతం లెక్క మన చట్టంలో లేదు. అది ఆస్ట్రేలియా వంటి దేశాల చట్టాల్లోంచి ఎవరి నోటో పడి మన దాకా వచ్చిన లెక్క. మన దగ్గర సిలబస్‌లో ఉన్న అధ్యాయాన్ని తీసి విద్యార్థుల చేతికివ్వడానికి ఏ అధ్యాపకుడూ జంకనక్కర్లేదు. తెలుగు మాధ్యమంలో చదివివచ్చిన విద్యార్థుల కోసం ఆంగ్ల అధ్యాయాన్ని తెలుగు చేసి ఇవ్వడం కూడా దీని కిందికే వస్తుంది; ఎందుకంటే ఈ మినహాయింపులు అనువాదానికి కూడా వర్తిస్తాయని సెక్షన్ 52(2) స్పష్టంగా చెబుతోంది. ఈ సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. తరగతి కోసం అనువదించిన నోట్సును రహస్యంగా దాచుకుని, పేరు లేకుండా పంచే అధ్యాపకులను నేను చూశాను. అలాగే స్వంత పరిశోధన కోసం ఒక వ్యాసం ప్రతి తీసుకోవడం, విమర్శలో భాగంగా ఉటంకించడం సెక్షన్ 52(1)(ఎ) కింద న్యాయమైన వినియోగమే. విద్యార్థులకు, అధ్యాపకులకు మాత్రమే ఒక చిత్రాన్ని ప్రదర్శించడానికి వేరే మినహాయింపు ఉంది. చూపు లేని విద్యార్థి కోసం పుస్తకాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్ చదివి వినిపించగల రూపంలోకి మార్చడానికి 2012 సవరణ అనుమతినిచ్చింది. ఈ విషయంలో అంతర్జాతీయంగా కుదిరిన మర్రాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించింది మన దేశమే.

అయితే ఈ వెసులుబాటంతా బోధన అనే గీత లోపల ఉన్నంతసేపే. సెక్షన్ వాడిన మాట "పునరుత్పత్తి". తరగతికి ఇచ్చిన అదే పీడీఎఫ్‌ను అందరికీ కనిపించే వెబ్‌సైటులో పెడితే అది ప్రజలకు ప్రసారం చేయడమవుతుంది, దానికి ఈ సెక్షన్ నీడ దొరకదు. కోవిడ్ కాలంలో మన పాఠాలన్నీ జూమ్ నుంచి యూట్యూబ్‌కు ఎక్కినప్పుడు ఈ గీత దాదాపు చెరిగిపోయింది. స్లైడులో పాఠ్యపుస్తకం నుంచి తీసిన రేఖాచిత్రం ఉంటే, అరవై మంది విద్యార్థులు లాగిన్ అయి చూసే గూగుల్ క్లాస్‌రూమ్‌లో దాన్ని సమర్థించుకోవచ్చు. ప్రకటనలతో ఆదాయం వచ్చే బహిరంగ ఛానెల్‌లో సమర్థించుకోవడం కష్టం. అలాగే తరగతి కోసం తయారుచేసిన కట్టను పోటీ పరీక్షల మెటీరియల్‌గా బయట అమ్మితే, అది ఢిల్లీ తీర్పు వివరించిన పరిస్థితి కానే కాదు. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఎవరు తయారుచేశారో తెలియకుండా తిరిగే పూర్తి పుస్తకాల పీడీఎఫ్‌ల గురించి వేరే చెప్పనక్కర్లేదు.

రేఖాచిత్రాల విషయంలో ఒక చిన్న ఉపాయం చెబుతాను. కాపీరైట్ వ్యక్తీకరణకే గానీ భావానికి, సమాచారానికి కాదు. ద్రవ్యోల్బణ గ్రాఫును ఒక పుస్తకం నుంచి ఫొటో తీసి స్లైడులో అతికించే బదులు, రిజర్వ్ బ్యాంకు ప్రచురించే అంకెలు తీసుకుని ఎక్సెల్‌లో నాలుగు నిమిషాల్లో మనమే గీసుకుంటే, ఆ గ్రాఫు మనదవుతుంది. అంకెల మూలాన్ని కింద రాస్తే సరిపోతుంది. పైగా పుస్తకం అచ్చయిన నాటికి ఆగిపోయిన గీత, ఈ ఏడాది దాకా సాగుతుంది.

ఇక్కడ కాపీరైటునూ గ్రంథచౌర్యాన్నీ కలిపేసే అలవాటు గురించి ఒక మాట చెప్పాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇతర రచనలతో సారూప్యత పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు, పది నుంచి నలభై దాకా ఒక స్థాయి, నలభై నుంచి అరవై దాకా ఇంకొకటి, ఆపైన మరొకటి. పైన చెప్పిన పది శాతం భ్రమకు ఇది కూడా ఒక కారణమేమో అనిపిస్తుంది. ఈ నిబంధనలు నిజాయితీకి సంబంధించినవి. కాపీరైట్ అనుమతికి సంబంధించినది. 1915లో మరణించిన గురజాడ అప్పారావు కథలోని పేరాను మన మాటగా రాసుకుంటే అది చౌర్యమే, కానీ కాపీరైట్ ఉల్లంఘన కాదు. నిన్న అచ్చయిన పుస్తకంలోని అధ్యాయాన్ని రచయిత పేరు, ప్రచురణకర్త పేరు పెద్దక్షరాలతో రాసి మరీ బ్లాగులో పెడితే అది చౌర్యం కాదు, కాపీరైట్ ఉల్లంఘన. "మూలాన్ని చెప్పాను కదండీ" అన్న జవాబు రెండో సందర్భంలో పనికిరాదు.

గురజాడ ప్రస్తావన వచ్చింది కనుక గడువు సంగతి కూడా చెప్పుకోవాలి. మన దేశంలో సాహిత్య రచనలకు కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆపైన మరణించిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు. మొదట ఇది 50 ఏళ్లే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల మీద హక్కు ముగిసే వేళకు, 1992లో పదేళ్లు పెంచారు. ఒక్క రచయిత కోసం దేశంలోని రచనలన్నిటి గడువు పెరిగిందన్న మాట. సురవరం ప్రతాపరెడ్డి 1953లో మరణించారు కనుక ఆయన రచనలు 2014 జనవరి 1 నుంచి పబ్లిక్ డొమైన్‌లో, అంటే ఎవరైనా వాడుకోగల స్థితిలో, ఉన్నాయి. శ్రీశ్రీ 1983లో మరణించారు కనుక 2043 చివరి దాకా ఆగాలి. తెలుగు శాఖల్లో పరిశోధన చేసేవారు తరచుగా మరచిపోయే విషయం ఒకటుంది. మూలం పబ్లిక్ డొమైన్‌లో ఉన్నా, ఇటీవలి సంపాదకుడు రాసిన పీఠిక, పాదసూచికలు, వ్యాఖ్యానం ఆ సంపాదకుడివే. పాత ముద్రణ నుంచి మూలపాఠాన్ని తీసుకుని డిజిటైజ్ చేయవచ్చు. కొత్త ముద్రణను అట్ట నుంచి అట్ట దాకా స్కాన్ చేసి పెట్టడం కుదరదు. పాత పుస్తకాలను తెలుగు వికీసోర్స్‌లో అక్షరాలా టైపు చేసి పెడుతున్న స్వచ్ఛంద కార్యకర్తలు, రచయిత మరణించిన సంవత్సరాన్ని వెతకడంలో చూపే పట్టుదల మా శాఖల్లో నేను పెద్దగా చూడలేదు.

ఇక అసలు జాగ్రత్తపడాల్సిన చోటుకు వద్దాం. వ్యాసం అంగీకారమైందన్న ఈమెయిలుతో పాటు ఒక లంకె వస్తుంది. దాన్ని నొక్కితే వచ్చే పత్రం మధ్యలో ఎక్కడో, ఈ వ్యాసంపై సమస్త హక్కులను, ప్రపంచమంతటా, కాపీరైట్ పూర్తి గడువు వరకు, ప్రస్తుతం ఉన్న, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లోనూ ప్రచురణకర్తకు బదలాయిస్తున్నాను అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. దానికి బదులుగా రచయితకు ముట్టేది సాధారణంగా సున్నా. జీతం విశ్వవిద్యాలయం ఇస్తుంది, సర్వే ఖర్చు ప్రాజెక్టు గ్రాంటు భరిస్తుంది, వ్యాసాన్ని సమీక్షించేది ఇంకో విశ్వవిద్యాలయంలోని అధ్యాపకుడు, అదీ ఉచితంగానే. బదలాయింపుకూ లైసెన్సుకూ ఉన్న తేడా ఇల్లు అమ్మేయడానికీ అద్దెకివ్వడానికీ ఉన్న తేడా లాంటిది. అమ్మేశాక మన ఇంట్లోకి మనం వెళ్లాలన్నా కొత్త యజమానిని అడగాలి. సొంత వ్యాసంలోని పట్టికను సొంత పుస్తకంలో వాడుకోవడానికి ప్రచురణకర్త వెబ్‌సైటులో అనుమతి దరఖాస్తు నింపుతూ కూర్చున్న సీనియర్ ఆచార్యుడు ఒకరు నాకు తెలుసు. అనుమతి వచ్చింది గానీ, తన పట్టిక కింద "ప్రచురణకర్త అనుమతితో" అని రాయవలసి రావడం ఆయనకు మింగుడుపడలేదు.

మన చట్టం ఇక్కడ కూడా రచయితకు కొంత అండగా ఉంది. సెక్షన్ 19 ప్రకారం బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి, ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం అన్నవి అందులో చెప్పాలి. కాలం చెప్పకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశంగా భావించాలి. తెలుగులో వెలువడే సంకలనాలకు, సదస్సుల వ్యాససంపుటాలకు ఏ పత్రమూ లేకుండా రాసిచ్చినవారికి ఇది ఊరట కలిగించే విషయం: సంతకం లేకపోతే బదలాయింపూ లేదు, హక్కు రచయిత దగ్గరే ఉంది. అంతర్జాతీయ జర్నళ్ల పత్రాల్లో మాత్రం కాలం, ప్రాంతం అన్నీ పూర్తిగా నింపే ఉంటాయి కనుక అక్కడ చదవడమొక్కటే మార్గం. చదివితే సాధారణంగా ఒక కిటికీ కనిపిస్తుంది. సమీక్షకు పంపక ముందు రాసిన ప్రతి, సమీక్షకుల సూచనలతో సవరించి అంగీకారం పొందిన ప్రతి, ప్రచురణకర్త పేజీలుగా దిద్ది విడుదల చేసిన ప్రతి అని ఒకే వ్యాసానికి మూడు రూపాలుంటాయి. మొదటిదాన్ని ఎక్కడైనా పెట్టుకోవడానికి చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి. భౌతికశాస్త్రం వారు 1991 నుంచి ఆర్కైవ్ అనే భాండాగారంలో చేస్తున్నది అదే. రెండోదాన్ని ఏడాదో రెండేళ్లో ఆగి విశ్వవిద్యాలయ రిపాజిటరీలో, అంటే ఆన్‌లైన్ భాండాగారంలో, పెట్టనిస్తారు. మూడోదాన్ని పెట్టడానికి ఒప్పుకోరు, మనవాళ్లు పరిశోధకుల వెబ్‌సైటు రీసెర్చ్‌గేట్‌లో పెట్టేది సరిగ్గా ఆ మూడోదాన్నే. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ, బయోటెక్నాలజీ శాఖ 2014 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం వాటి నిధులతో జరిగిన పరిశోధన తాలూకు అంగీకృత ప్రతిని రిపాజిటరీలో ఉంచాలి. ఆ విధానాన్ని మన రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఎంత పట్టించుకున్నాయో, వాటి రిపాజిటరీలను తెరిచి చూసినవారికి చెప్పనక్కర్లేదు. అసలు రిపాజిటరీ ఉంటే.

డబ్బు కడితే వ్యాసాన్ని మొదటి రోజు నుంచే అందరికీ తెరిచే పద్ధతి ఒకటుంది. నేచర్ పత్రిక 2020లో ఈ రుసుమును 9,500 యూరోలుగా ప్రకటించింది. మన రూపాయల్లో ఎనిమిది లక్షల పైమాటే. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు అధ్యాపకుడి ఏడాది జీతం కంటే ఎక్కువ కావచ్చు. చదివేవాడి దగ్గర వసూలు చేసేదాన్ని రాసేవాడి దగ్గర వసూలు చేయడాన్ని ఓపెన్ యాక్సెస్ అనడం నాకు రుచించదు. ఇక చదివే వైపు చూస్తే, 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుతున్నాయి. నిన్నటిదాకా, అనుమతి లేకుండా వ్యాసాలను ఉచితంగా అందించే సై-హబ్ అనే వెబ్‌సైటు మీద ఆధారపడిన జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల అధ్యాపకుడికి ఇది నిజమైన మేలు, కాదనను. ఆ సై-హబ్ మీద ఎల్సెవియర్ తదితర ప్రచురణ సంస్థలు 2020 డిసెంబరులో వేసిన కేసులో, 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు దాన్ని నిలిపివేయమని ఆదేశించింది. కానీ పథకం ప్రభుత్వ సంస్థలకే పరిమితం. మన రెండు రాష్ట్రాల్లో వీధివీధినా ఉన్న ప్రైవేటు కళాశాలలు బయటే ఉన్నాయి. మనం ఉచితంగా రాసిచ్చిన వ్యాసాలను మన పన్నులతోనే తిరిగి కొనుక్కుంటున్నాం అన్న మౌలిక విషయం మారలేదు కూడా.

మన సిద్ధాంత గ్రంథాల సంగతి కొంత మెరుగు. 2009 నాటి యూజీసీ నిబంధనల నుంచి పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించడం తప్పనిసరి కావడంతో, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగలో అవి అందరికీ దొరుకుతున్నాయి. గ్రంథంపై కాపీరైట్ సాధారణంగా పరిశోధకుడిదే, పర్యవేక్షించిన గైడుది కాదు. గైడు ఇచ్చేది సలహా, దిశ, తిట్లు; ఇవేవీ కాపీరైట్ పరిధిలోకి రావు. అధ్యాపకుడి నోట్సు విషయం అంత తేలిక కాదు. ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని ఉద్యోగమిచ్చిన సంస్థేనని సెక్షన్ 17(సి) చెబుతోంది. పాఠ్యపుస్తకాలు, వ్యాసాలు అధ్యాపకులవేనన్నది విద్యాలోకంలో ఆచారం. ఆచారాన్ని కాగితం మీద పెట్టిన మేధాసంపత్తి విధానం మీ విశ్వవిద్యాలయానికి ఉందో లేదో ఒకసారి అడిగి చూడండి. ప్రశ్నపత్రం మీద కూడా ఇలాంటి తగాదా 1916లోనే లండన్‌లో నడిచింది. ప్రశ్నపత్రం కూడా సాహిత్య రచనేననీ, పరీక్షకులు విశ్వవిద్యాలయ ఉద్యోగులు కారు కనుక మొదటి హక్కు వారిదేననీ కోర్టు తేల్చింది. మనం కూర్చిన ప్రశ్నలతో గైడు పుస్తకాలు ఏటా అచ్చవుతుంటే చూస్తూ ఊరుకునే మనకు ఈ తీర్పు కాస్త వినోదంగానే ఉంటుంది.

హక్కు మన దగ్గర ఉందని తేలాక, దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. "అన్ని హక్కులూ రచయితవి" అని రాసుకోవడం ఒక దారి. ఏమీ రాయకపోయినా చట్టం దృష్టిలో అర్థం అదే. కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రాసిన క్షణం నుంచే వర్తిస్తుంది. మన నోట్సు పొరుగు విశ్వవిద్యాలయంలో వాడుకోవాలనీ, ఎవరైనా సవరించి మెరుగుపరచాలనీ మనకు కోరిక ఉంటే ఆ మాట మనమే రాతపూర్వకంగా చెప్పాలి. దానికి పనికివచ్చేవే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. 2002 డిసెంబరులో మొదటిసారి వెలువడిన ఇవి ఇప్పుడు నాలుగో రూపంలో ఉన్నాయి. వీటిలో ఉదారమైనది సీసీ బీవై: పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఎస్ఏ అన్న అక్షరాలు చేరితే, మార్పులు చేసి విడుదల చేసేవారు కూడా అదే లైసెన్సు ఇవ్వాలి. ఎన్‌సీ చేరితే వ్యాపారానికి వాడరాదు. ఎన్‌డీ చేరితే మార్చిన ప్రతిని పంచరాదు.

ఈ ఎన్‌డీ తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే ముల్లు. అనువాదం చట్టం దృష్టిలో మార్పే. నా సబ్జెక్టులోనే ఉదాహరణ ఉంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం 2012 నుంచి నడుపుతున్న ఓపెన్‌స్టాక్స్ వారి అర్థశాస్త్ర పాఠ్యపుస్తకం సీసీ బీవై కింద ఉంది. దాన్ని ఎవరినీ అడగకుండా తెలుగులోకి తెచ్చి, డాలర్లకు బదులు రూపాయలు పెట్టి, గోధుమ మార్కెట్ ఉదాహరణకు బదులు గుంటూరు మిర్చి యార్డును పెట్టి, అచ్చువేసి అమ్మినా తప్పు లేదు. కోర్ ఎకాన్ బృందం 2017లో తెచ్చిన పాఠ్యపుస్తకం నా దృష్టిలో అంతకంటే మంచి పుస్తకం, ఆన్‌లైన్‌లో పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. కానీ దాని లైసెన్సులో ఎన్‌సీ, ఎన్‌డీ రెండూ ఉన్నాయి కనుక, తెలుగు అనువాదాన్ని ప్రచురించాలంటే వారి అనుమతి తెచ్చుకోవాలి. తరగతిలో ఇచ్చే అనువాదానికి సెక్షన్ 52 ఉంది గానీ, తరగతి గడప దాటితే లైసెన్సే గతి. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అని సాఫ్ట్‌వేర్‌వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నదాన్ని మా శాఖలో వివరించడానికి ఈ రెండు పుస్తకాలూ చాలు.

ఎన్‌సీ గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. "నా నోట్సు ఎవరో అచ్చేసి అమ్ముకుంటే ఎలా?" అన్న ఆందోళనతో మన అధ్యాపకులు మొట్టమొదట ఎంచుకునేది దాన్నే. కానీ దాని వల్ల జరిగేదేమిటంటే, కళాశాల ఎదుటి జిరాక్స్ షాపువాడు లాభానికి ప్రతులు తీయవచ్చా లేదా అన్న సందేహం మొదలవుతుంది, 2003 డిసెంబరు నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాలోకి మన మాట ఒక్కటీ వెళ్లే వీలుండదు. వికీపీడియా సీసీ బీవై-ఎస్ఏ కింద ఉంది. ఎన్‌సీ ఉన్న పాఠాన్ని గానీ బొమ్మను గానీ అది తీసుకోదు. వ్యాపారుల భయమే అసలు భయమైతే దానికి ఎస్ఏ చాలు. అచ్చేసేవాడు కూడా అదే లైసెన్సు కింద విడుదల చేయాలి కనుక, వాడి పుస్తకాన్ని ఇంకెవరైనా జిరాక్స్ తీసుకోవచ్చు, గుత్తాధిపత్యం కుదరదు. కేంద్ర విద్యాశాఖ 2013లో ప్రారంభించిన జాతీయ ఓపెన్ విద్యా వనరుల భాండాగారం కూడా బీవై-ఎస్ఏనే ఎంచుకుంది.

లైసెన్సు ఇచ్చినంత మాత్రాన పని పూర్తి కాదనడానికి మన దగ్గర ఇంకో కారణం ఉంది. తెలుగులో ఉన్న నోట్సులో చాలా భాగం యూనికోడ్ రాకముందు నాటి డీటీపీ ఫాంట్లలో టైపు చేసినవి. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యాన్ని కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఆంగ్ల అక్షరాలూ గుర్తులూ వస్తాయి. దాని మీద ఎంత ఉదారమైన లైసెన్సు రాసినా, సవరించడం గానీ, వెతకడం గానీ, చూపు లేని విద్యార్థికి కంప్యూటర్‌తో చదివించడం గానీ కుదరదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ వంటి యూనికోడ్ ఖతులు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. పుస్తకంలో పొదగడానికీ, పంచడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నా నోట్సు మొదటి పేజీలో నేను రాసే వాక్యం ఇది: "ఈ పాఠ్యభాగం క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 అంతర్జాతీయ లైసెన్సు కింద లభిస్తుంది. వేరే మూలం పేర్కొన్న బొమ్మలకు, పట్టికలకు, ఉటంకింపులకు ఈ లైసెన్సు వర్తించదు." రెండో సగం మొదటి సగమంత ముఖ్యం, ఎందుకంటే మనది కానిదానికి మనం లైసెన్సు ఇవ్వలేం. సంవత్సరం, పేరు, లైసెన్సు పూర్తి పాఠానికి లంకె కూడా అక్కడే ఉండాలి. సహరచయితలున్న నోట్సు అయితే అందరి సమ్మతి, ఈమెయిలు రూపంలోనైనా, ముందే తీసుకుని దాచుకోవాలి; ఈ లైసెన్సులను ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు, తర్వాత మనసు మారి ఫైలును వెబ్‌సైటు నుంచి తొలగించినా, అప్పటికే ప్రతి అందుకున్నవారు అదే షరతుల మీద దాన్ని వాడుకుంటూ, పంచుకుంటూ పోవచ్చు.